ఎండ మనది, ఇసుక మనది, విద్య యెవరిది?

కర్నూలు సీమలో గని, శకునాల గ్రామముల చెంత 2017లో వేయి మెగావాట్ల సూర్యవిద్యుత్క్షేత్రము నెలకొనెను. రాయలసీమను మాడ్చు ఎండయే దీపమై వెలుగుట చూచి సంతసింపని ఆంధ్రుడుండడు. కాని యా సంతోషము నడుమ నొక ప్రశ్న మమ్ము బాధించుచున్నది. ఎండ మనది, నేల మనది. ఎండను విద్యుత్తుగ మార్చు విద్య యెవరిది? సూర్యఫలకముల తయారీలో ప్రతి దశయందును చైనా పాలు నూటికి ఎనుబదికి మించినదని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2022లో ప్రకటించినది.

మీటరులో నూరుకోట్లవ వంతునకు నానోమీటరని పేరు. పదార్థమును అట్టి కొలతలకు సూక్ష్మము చేసిన దాని నడవడియే మారును. 1991లో స్విట్జర్లాండునందు ఓరీగన్, గ్రాట్జెల్ అను శాస్త్రజ్ఞులు టైటానియం ఆక్సైడు సూక్ష్మకణములను పలుచని పొరగ పరచి, దానికి రంగు పట్టించి, ఎండనుండి విద్యుత్తు రాబట్టిరి. కణములు సూక్ష్మములగుటచే పొరలోని తలము వందలరెట్లు పెరిగి, రంగును వెలుగును విస్తారముగ పట్టెను. టైటానియమునకు మూలమైన ఇల్మనైటు, శ్రీకాకుళము, భీమునిపట్టణము తీరముల నల్లయిసుకలో నున్నది. మన బిడ్డలు గూళ్లు కట్టుకొను ఇసుక యది!

పగటి వెలుగును రాత్రికి దాచు బ్యాటరీలయందును ఇదే కథ. లిథియం ఇనుప ఫాస్ఫేటు ఇందుకు తగునని 1997లో గుడ్‌ఎనఫ్ బృందము చూపెను. అందు విద్యుత్తు చక్కగ ప్రసరింపకుండుట లోపము. కణములను సూక్ష్మము చేసి బొగ్గుపూత పూయగా నా లోపము తీరెను. హైదరాబాదునందలి ఏ.ఆర్.సి.ఐ. శాస్త్రజ్ఞులు ఈ పొడిని చేయు పద్ధతిని సాధించియే యున్నారు. కనుక మనకు కొరవడినది బుద్ధి కాదు.

చవుకగ దొరకు వస్తువును కొనక ఈ ప్రయాస యేల యని కొందరందురు. ఫలకమును కొన్నవానికి ఫలకమే దక్కును, విద్య దక్కదు. అది పాతబడిననాడు మరల పొరుగువాని వాకిట నిలువవలసినదే. సిలికాను పందెమున మనము వెనుకబడితిమని యొప్పుకొందము. రంగుఫలకములు ఇంకను దానికి సాటి రాలేదనియు నొప్పుకొందము. కాని పెరావ్‌స్కైటు ఫలకములను చూడుడు. 2009లో జపానునందు మియసాకా బృందము చేసినపుడు అవి ఎండలో నూటికి నాలుగు పాళ్లైనను విద్యుత్తుగ మార్చలేదు. నేడు ప్రయోగశాలలలో ఇరువదియారు పాళ్లు దాటినవి. తేమకు, వేడికి చెడు లోపము మాత్రము ఇంకను పూర్తిగ తీరలేదు. అనగా పందెము ముగియలేదు. ముగియని పందెమున వెనుక వచ్చినవానికిని చోటున్నది.

ప్రయోగశాలలో చెంచాడు చేయుట యొక విద్య; కర్మాగారమున బండెడు చేయుట వేరొక విద్య. ఈ రెంటి నడుమ వంతెన లేకనే మన పరిశోధనలు కాగితములపై నిలిచిపోవుచున్నవి. ఆ వంతెనయగు మధ్యస్థ కర్మశాలలను ప్రభుత్వములు కట్టవలెను. కారైకుడిలో విద్యుద్రసాయన పరిశోధనాలయమునకు 1948లో శంకుస్థాపన జరిగినది. అందులకై అళగప్ప చెట్టియారు మూడువందల యెకరముల భూమిని, పదునైదు లక్షల రూపాయలను ఇచ్చెను. మన ధనికులలో నట్టి దాత యొక్కడైన లేడా? ఇసుకను బండ్లకెత్తి యమ్ముకొనుట యే జాతికైనను చేతనగును. ఆ యిసుకనుండి వెలుగును తీయ నేర్చిన జాతికే రేపటి దినము దక్కును.