ప్రింటరుకు డ్రైవరు లేడట!

శ్రావణ శుక్రవారం పేరంటానికి వచ్చేవాళ్లకు మా అమ్మ పాడే హారతిపాటలు ఓ ముప్ఫై ప్రతులు తీసి పంచుదామనుకున్నాను. పాటలన్నీ తీరిక దొరికినప్పుడల్లా నేనే టైపు చేసినవి. మా అబ్బాయి తెచ్చిన కొత్త లాప్‌టాప్ ముందు కూర్చుని, పన్నెండేళ్లుగా మా ఇంట్లో మాట పడకుండా పనిచేస్తున్న ప్రింటరుకు తీగ తగిలించాను. ఉలకదు, పలకదు.

"దానికి డ్రైవరు లేడమ్మా" అన్నాడు మావాడు.

"ప్రింటరుకు డ్రైవరేమిట్రా, అదేమన్నా ఆర్టీసీ బస్సా?" అన్నాను.

నవ్వి, సంగతి చెప్పాడు. కంప్యూటరుకు గుండెకాయ ప్రాసెసరు. అది ఒక్కొక్క రకానికి ఒక్కొక్క భాషలో ఆజ్ఞలు అందుకుంటుంది. మా పాత కంప్యూటరు భాష పేరు ఎక్స్86. కొత్తదాని భాష ఆర్మ్. ప్రింటరుకూ కంప్యూటరుకూ మధ్య రాయబారం నడిపే ప్రోగ్రామునే డ్రైవరంటారట. మా ప్రింటరు చేసినవాళ్లు కొత్త భాష వచ్చిన రాయబారిని తయారుచెయ్యలేదు. మామూలు పాత ప్రోగ్రాములకైతే విండోసులోనే ఒక దుబాసీ వున్నాడు గాని, డ్రైవర్ల దగ్గర వాడి పప్పులుడకవు.

"కొత్త ప్రింటరు కొనేస్తే పోలా?" అని తేల్చేశాడు.

ఆ 'కొనేస్తే పోలా' దగ్గరే నాకు వొళ్లు మండింది. భాష మార్చింది వాళ్లు, డబ్బు పెట్టుకోవలసింది నేనూనా?

ఈ భాషల తగవు నిన్నా మొన్నటిది కాదు. 1981లో ఐ.బి.యం. వాళ్లు తమ పర్సనల్ కంప్యూటరులో ఇంటెల్ వారి 8088 ప్రాసెసరు పెట్టారు. దాన్ని చూసి ఇతర కంపెనీలు కూడా అదే భాష మాట్లాడే యంత్రాలు చేశాయి. ఒకరి ప్రోగ్రాము ఇంకొకరి యంత్రంలో నడిచింది, ధరలు దిగాయి. కాకపోతే ఆ భాష ముఖ్యంగా ఇంటెల్, ఎ.ఎం.డి. అనే రెండిళ్ల సొత్తుగా వుండిపోయింది.

అంతటి ఇంటెల్‌కూ ఓసారి గర్వభంగమైంది. అది మాత్రం తీరిగ్గా చెప్పుకోవాలి. 2001లో ఆ సంస్థ హ్యూలెట్ పాకార్డుతో కలిసి ఇటానియం అనే సరికొత్త ప్రాసెసరు తెచ్చింది. కొత్త భాష, గొప్ప భాష. పాత ప్రోగ్రాములు దాని మీద నడిచాయి గాని నత్తనడక. జనం ఎగబడలేదు. 2003లో ఎ.ఎం.డి. ఏం చేసిందనుకున్నారు? పాత భాషను చెరపకుండా దానికే నాలుగు కొత్త మాటలు చేర్చింది. పాతవీ నడిచాయి, కొత్తవీ నడిచాయి. 2004కల్లా ఇంటెల్ కూడా గుట్టుచప్పుడు కాకుండా అదే దారి పట్టింది. పాత ప్రోగ్రాములను వదులుకోమని మొండికేసినవాళ్ల ముందు ఆ మహా కంపెనీ వంగింది. కాబట్టి 'మనమేం చెయ్యగలం' అని నిట్టూర్చే వాళ్లంటే నాకు ఒప్పదు.

ఆపిల్ వారి సంగతి వేరు. 1994లో ఓసారి, 2006లో ఓసారి, 2020లో ఇంకోసారి గుండెకాయ మార్చారు. మార్చినప్పుడల్లా ఒక దుబాసీని ఇస్తారు. 2006 నాటి దుబాసీని 2011లో ఇంటికి పంపేశారు. అక్కడితో వాడిమీద ఆధారపడ్డ పాత ప్రోగ్రాములకు చెల్లు!

మార్పే వద్దంటావా అంటారేమో. అననండి. ఆర్మ్ భాషను 1980లలో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో రూపొందించినది సోఫీ విల్సన్ అనే ఆవిడ. స్టీవ్ ఫర్బర్ ఆమెకు జోడీ. తక్కువ కరెంటుతో పనిచేస్తుంది కనుకనే మన సెల్‌ఫోన్లన్నిటా అదే వుంది. మా కొత్త లాప్‌టాప్ కూడా పొద్దున చార్జి చేస్తే రాత్రిదాకా వస్తోంది. మంచిదే, ఒప్పుకుంటాను. కాని ఆ భాషకూ యజమానులున్నారు, వాడుకోవాలంటే లైసెన్సు కట్టాలి. ఆ లైసెన్సు పేచీతోనే ఆర్మ్ వారు 2022లో క్వాల్‌కామ్ మీద కోర్టుకెక్కారు.

ఎవరి సొత్తూ కాని భాష కూడా ఒకటుంది. 2010లో అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయంలో పుట్టిన రిస్క్-ఫైవ్. దానితో ఎవరైనా ప్రాసెసరు చేసుకోవచ్చు, కానీ కట్టక్కర్లేదు. మద్రాసు ఐ.ఐ.టి. వారు 'శక్తి' పేరుతో చేశారు కూడాను. నా వోటు దానికే. అలాగని మా ప్రింటరుకు రాయబారిని అది పుట్టించి ఇస్తుందని భ్రమ లేదు.

నేనడిగేది చిన్నమాట. ఇండక్షన్ పొయ్యి వచ్చినప్పుడు మనమేం చేశాం? అల్యూమినియం, రాగి గిన్నెలు పనికిరావని కొట్టువాడే చెప్పాడు. అడుగున అయస్కాంతం అంటుకుంటే సరేనన్నాడు. గిన్నెలమీద ఆ గుర్తు కూడా వేశారు. తెలిసే కొనుక్కున్నాం, తెలిసే మానుకున్నాం. డెబ్భై వేల లాప్‌టాప్ పెట్టెమీద, 'ఇది ఫలానా భాషది, మీ పాత సామాను పనిచెయ్యకపోవచ్చు' అని ఒక్క ముక్క పెద్దక్షరాలతో వెయ్యడానికి ఏం రోగం?

ఇదే మాట కొట్టుకు ఫోన్ చేసి అడిగాను.

"అన్నీ పనిచేస్తాయి మేడమ్" అన్నాడు కుర్రాడు.

"మా ప్రింటరు చెయ్యడం లేదు నాయనా."

"అది పాతది కదా మేడమ్!"

ఫోన్ పెట్టేసి, అటకమీద మూలుగుతున్న పాత కంప్యూటరును దింపించాను. ముప్ఫై ప్రతులూ గంటలో వచ్చాయి.