దగ్గరి సంభాషణ – సరియైన తూకము

నేటి యుగము విజ్ఞాన యుగమని అందరును అనుచున్నారు. ఆ మాట వినగానే మన మనస్సు అంతరిక్షమున తిరుగు ఉపగ్రహములపైకి పోవును. కాని ఒకే బల్లపై ప్రక్కప్రక్కన ఉన్న రెండు యంత్రములు తీగ లేకయే సంభాషించుకొను వింతను మనము విజ్ఞానముగా లెక్కింపము. మన విద్యార్థులు బ్లూటూత్‌ను చెవిలో పెట్టుకొని పాట వినుటకు పనికివచ్చు సాధనముగానే ఎరుగుదురు. ఆ ఎరుక చాలదని మేము తలంచుచున్నాము. ఏలయన, అదే విద్య నేడు బీదవాని బియ్యపు తూకములోనికి కూడ ప్రవేశించినది.

నిస్తంత్రీ విద్య మన దేశమునకు క్రొత్తది కాదు. 1895లో కలకత్తాలో జగదీశ చంద్ర బోసు తీగ లేకుండ తరంగములను పంపి, దూరముననున్న గంటను మ్రోగించి చూపెను. 1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రము వెలసి, కృష్ణాతీరపు పల్లెలకు తెలుగు మాటను మోసికొనిపోయెను. ఆ కాలమున దూరము పోవుటయే నిస్తంత్రికి ఘనత. బ్లూటూత్ గుణము వేరు. ఎక్కువ దూరము పోకుండుటయే దాని ప్రయోజనము. 1994లో స్వీడన్‌లోని లుండ్ నగరమున ఎరిక్సన్ సంస్థలో యాప్ హార్ట్‌సెన్ మొదలగు ఇంజనీర్లు దీనికి రూపము కల్పించిరి. 1998లో ఎరిక్సన్, నోకియా, ఐ.బి.యం., ఇంటెల్, తోషిబా అను ఐదు సంస్థలు ఒక సంఘముగా ఏర్పడి, ఏ సంస్థ చేసిన పరికరమైనను మరియొక సంస్థ పరికరముతో కలియునట్లు ఉమ్మడి నియమములు ఏర్పరచినవి. పదవ శతాబ్దమున డేనులను ఒక్కటి చేసిన హెరాల్డ్ బ్లూటూత్ అను రాజు పేరు దీనికి పెట్టుట అందుకే తగియున్నది.

ఇది పనిచేయు విధము సులభముగనే బోధపడును. 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతపు తరంగములు దీనికి ఆధారము. తక్కువ శక్తి గల పరికరములు లైసెన్సు లేకుండ ఈ తరంగములను వాడుకొనవచ్చునని మన ప్రభుత్వము 2005లో అనుమతించినది. వై-ఫై కూడ అక్కడనే తిరుగును గనుక అది రద్దీగల బజారు వంటిది. ఆ రద్దీలో మాట తప్పిపోకుండుటకు, జతపడిన రెండు పరికరములును తొక్కుడుబిళ్ళ ఆటలో వలె ఒక గడి నుండి మరియొక గడికి గెంతుచుండును. తొలి పద్ధతిలో గడులు 79. గెంతులు సెకనుకు 1600. ఏ గడి తరువాత ఏ గడియో ముందుగానే ఒప్పందము చేసికొనిన ఆ రెండే కలిసి గెంతగలవు. 2010లో వచ్చిన తక్కువ శక్తి పద్ధతి వలన చిన్న బ్యాటరీతోనే నెలల తరబడి పనిచేయు పరికరములు సాధ్యమైనవి.

ఇక మన వాడకు వత్తము. 2015లో మన రాష్ట్రపు చౌక ధరల దుకాణములలో ఈ-పోస్ యంత్రములు ప్రవేశించినవి. వానికి ఎలక్ట్రానిక్ కాటాను జతచేయుట అందులోని ముఖ్యమైన సంస్కరణ. కాటా చూపిన తూకము తీగ ద్వారానో, బ్లూటూత్ ద్వారానో తిన్నగా యంత్రమునకు చేరును. మనిషి చేతితో అంకె వేయు అవకాశము తగ్గును. 2021 జూన్‌లో కేంద్ర ప్రభుత్వము కూడ నియమములను సవరించి ఈ జతను ప్రోత్సహించినది. 2021 నుండి బండ్లపై ఇంటింటికి సాగిన పంపిణీ 2025 జూన్ 1 నుండి మరల దుకాణములకే చేరినది. కావున కాటా ముందు నిలుచుట మరల మన వంతైనది.

తూకపు విలువ మంగళగిరి వారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. గుంట మగ్గముపై నేయు వాని ఇంటికి నూలు తూచి వచ్చును; వస్త్రము తూచబడి పోవును. 2013 ఆహార భద్రతా చట్టము ప్రకారము మనిషికి నెలకు 5 కిలోల ధాన్యము. ఐదుగురున్న ఇంటికి 25 కిలోలు. నెలకు అర కిలో తగ్గినచో ఏడాదికి 6 కిలోలు పోవును. అనగా ఒక మనిషి ఒక నెల తిండి కంటె ఎక్కువ.

యంత్రము నిజాయితీపరుడైన డీలరును అవమానించుచున్నదని కొందరందురు. మేము అంగీకరింపము. నిజాయితీపరునికి కూడ అది సాక్ష్యమే. అయితే యంత్రము వచ్చినది గనుక ఇక చూడనక్కరలేదనుట అంతకంటె పెద్ద పొరపాటు. బ్లూటూత్ అంకెను మోయును గాని అంకె నిజమా అని అడుగదు. కాటాయే తప్పైనచో ఆ తప్పునే నమ్మకముగా చేరవేయును. కావున కాటాపై తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్నదా, ఖాళీ డబ్బా పెట్టినప్పుడు అంకె సున్న అయినదా, రసీదులోని అంకెయు సంచిలోని బరువును ఒక్కటేనా అని చూచుట మనుష్యుని పనియే.

ఇచ్చట భాష ప్రశ్న వచ్చును. రసీదు చదువలేని వృద్ధురాలికి యంత్రములు రెండును ఏకాభిప్రాయమునకు వచ్చి లాభమేమి? 2022లో చట్టము ద్వారా ఉర్దూ మన రాష్ట్రమునకు రెండవ అధికార భాషయైనది. తూకమును యంత్రము తెలుగున గాని ఉర్దూన గాని, కార్డుదారు కోరిన భాషలో బిగ్గరగా పలుకవలెనని మేము కోరుచున్నాము. పలుకుటకు వలసిన సాంకేతిక విద్య ఉన్నది, వలసినది సంకల్పమే.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము రెండు మాటలలో కలదు. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక కాటాను, ఒక బ్లూటూత్ పరికరమును ఉంచి, తూకము అంకెగా మారి ప్రయాణించు విధమును విద్యార్థుల చేతనే చేయింపవలెను. పంపిణీ దినములలో రెండు భాషలును వచ్చిన విద్యార్థులను దుకాణముల వద్దకు పంపి, వృద్ధులకు రసీదు చదివి వినిపింపజేయవలెను. దీనికి పెద్ద నిధులు అక్కరలేదు.

విద్యార్థి మిత్రులారా! యంత్రములు పది మీటర్ల లోపున ఒకదాని మాట ఒకటి వినుట నేర్చినవి. మన ప్రక్క వరుసలో సంచితో నిలుచున్న అవ్వ మాట మనము వినకపోవుట మన చదువుకు శోభ కాదు.