మనిషికి మోకు, శవానికి మాస్కు!

ఫైరింజను పని మంటలార్పుడొక్కటేనా? విజయవాడ హైవే మీద సూర్యాపేట దగ్గరో కోదాడ దగ్గరో లారీ నుజ్జయితే, రేకు కోసి డ్రైవర్‌ను బయటికి తీసేది ఫైరోళ్లే. మిర్యాలగూడ మిల్లులో ఊక అంటుకున్నా, బావిలో మనిషి పడ్డా పిలుపు వాళ్లకే. 2024 సెప్టెంబరు 1న కోదాడ వీధులు వాగులైనప్పుడు, ఇట్లాంటి కొలువు ఎంత అవసరమో అందరికీ తెలిసొచ్చింది. ప్రాణం పణంగా పెట్టే ఆ మనుషులకు దండం పెడతం. మా లొల్లి వాళ్లతోని కాదు.

పొగలోకి, విషవాయువులోకి దిగేటందుకు ఫైరోళ్లకు ఒక సామాను ఉంటది. వీపుకు గాలి సిలిండరు, ముఖానికి మాస్కు. అది లేకుంటే దిగొద్దని వాళ్లకు శిక్షణ. మంచిదే! మరి సెప్టిక్ ట్యాంకులోకి దిగే మన వాడ పిలగానికి ఏముంది? నడుముకు మోకు, మూతికి తువ్వాల. అంతే!

మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడు కుళ్లిన గుడ్ల వాసన కొడతది. అది ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలువది. నాలుగు గుక్కల్లో మనిషి కూలిపోతడు. అన్న పడ్డడని తమ్ముడు దూకుతడు, తమ్ముని కోసం బావ దూకుతడు. అప్పుడు పోతది 101కు ఫోను. అప్పుడొస్తది మాస్కు, శవాలు తియ్యడానికి! 2015 నవంబరులో కేరళలోని కోళిక్కోడ్‌లో ఇద్దరు ఆంధ్ర కూలీలు మ్యాన్‌హోల్‌లో చిక్కుకున్నరు. కాపాడబోయిన ఆటో డ్రైవర్ నౌషాద్ కూడా వాళ్లతోపాటే చనిపోయిండు.

చట్టం లేదా? ఉంది. రక్షణ సామాను లేకుండ మనిషిని మురుగులోకి దింపితే మొదటి తప్పుకే రెండేండ్ల దాకా జైలని 2013 చట్టం చెప్తది. చనిపోయినోళ్ల కుటుంబానికి 10 లక్షలియ్యాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో 30 లక్షలు చేసింది. శవం లెక్క పెరిగింది. బతికున్నోని మూతికి మాత్రం ఆ తువ్వాలే!

"పైసల కోసం వాళ్లే దిగుతున్నరు, మేమేం జెయ్యాలె?" అంటరు పెద్దమనుషులు. 2021లో కేంద్రమే పార్లమెంటుకు లెక్క చెప్పింది. కులం తెలిసిన 43,797 మంది పాకీపని వాళ్లల్ల 42,594 మంది షెడ్యూల్డు కులాలోళ్లే! ఇష్టపడి చేసే పనైతే ఈ ఇష్టం మా వాడల్లనే ఎందుకు పుడుతున్నది? మీ బజార్ల ఒక్కనికన్నా ఎందుకు పుడ్తలేదు?

అందుకే మూడు పట్టణాల మున్సిపాలిటీలను అడుగుతున్నం. ట్యాంకులోకి మిషన్ పైపే దిగాలె, మనిషి దిగొద్దు. మూత తీసే కాడ గాలిని పరీక్ష చేసే మీటరు, మాస్కు, తాడు ముందే ఉండాలె. మనిషిని దింపిన ఇంటి ఓనరు మీద, కాంట్రాక్టరు మీద కేసు పెట్టాలె. ఫైర్ స్టేషనోళ్లు వాడవాడకూ వచ్చి ఈ విషం సంగతి నేర్పాలె.

వాడల తమ్ముళ్లారా! ఎంత పైసా చూపినా దిగొద్దు. దింపాలని చూస్తే 14420కి ఫిర్యాదు చెయ్యండి. ఒకడు పడితే వెనక దూకొద్దు. 101 కొట్టండి, మాస్కు వచ్చేదాకా ఎవ్వర్నీ దిగనియ్యొద్దు. ఫైరోని ప్రాణానికి మాస్కు ఎంత అవసరమో మన ప్రాణానికీ అంతే. ఆ మాస్కు మనం బతికుండగనే రావాలె!