నెల్లిమర్లకు చరిత్ర లేదా?

“నెల్లిమర్లకు చరిత్ర యేమున్నది? ఒక గోనెసంచుల మిల్లు, ఒక రైలునిలయము, రోడ్డు కిరువైపుల నాలుగు కొట్లు” అని చదువుకొన్న పెద్దమనుష్యులే పలుకుచుండగా మేము పలుమాఱులు వింటిమి. మండలకేంద్రమై, నగరపంచాయతియై, 2008 నాటి పునర్విభజనమువలన శాసనసభకు తనపేరనే ప్రతినిధిని పంపు గౌరవమును బడసిన యీ యూరు, తన కథను తాను చెప్పుకొనవలసివచ్చినపుడు మాత్రము విజయనగరపు కోటగుమ్మమువైపు చూచి చేతులు కట్టుకొని నిలుచుచున్నది. విజయనగరపు కుళాయిలకు చంపావతినీరు పోవును. విజయనగరమునుండి మనకు చరిత్ర అరువుగా వచ్చును. ఈ బేరము మాకు సమ్మతము కాదు.

చరిత్రయను పేర మనకు అందినది యేమి? 1869లో కార్మైకేలుదొర విశాఖపట్టణపు జిల్లాను గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. 1907లో ఫ్రాన్సిస్‌దొర గెజిటీరు వెలువరించెను. వారిని మేము నిందింపము. పరాయి ప్రభుత్వపు ఉద్యోగికి శిస్తు ఎంత, జమీందారుడెవ్వడు, దారి యెక్కడ అను మూడు సంగతులు కావలెను. తమ కవసరమైనంతవఱకు వారు శ్రద్ధగానే వ్రాసిరి. మన తప్పేమనగా, దొరల కవసరమైన చరిత్రయే మనకును చాలునని సరిపెట్టుకొంటిమి. 1713లో కోట కట్టుట, 1757లో బొబ్బిలియుద్ధము, 1794 జూలై 10న పద్మనాభమువద్ద చినవిజయరామరాజు కుంఫిణీసేన కెదురొడ్డి నేల కొరగుట, ఇవి స్వల్పవిషయములని యెవ్వరందురు? ఆ రాజు పడిన నేలను తలచికొన్నపుడు మాకును రోమాంచమగును. కాని ఆ యుద్ధమునకు మూలమైన పేష్కషు కోటలో మొలచినది కాదు. చంపావతి గట్టుమీద రైతు పండించిన ధాన్యమునుండి వచ్చినది. రాజు ఎంత బాకీపడెనో పుస్తకములలో నున్నది. ఆ బాకీ తీర్చుటకు ఎవని గాదె ఖాళీయయ్యెనో ఏ పుస్తకములోను లేదు. 1948 నాటి ఎస్టేట్ల రద్దుచట్టముతో జమీందారీలు పోయినవి గాని, మన చరిత్రరచనలో జమీందారీ నేటికిని రద్దు కాలేదు.

ఇక రామతీర్థము మాట. అది ఈ మండలములోనిదే, నెల్లిమర్లకు కొలదిమైళ్ళ దూరముననే యున్నది. అచ్చటి గురుభక్తులకొండ, దుర్గకొండలపై పురాతత్త్వశాఖవారి రీదొర త్రవ్వింపగా బౌద్ధసంఘారామముల శిథిలములు బయల్పడినవి. ఆ వివరములు ఆ శాఖవారి 1910-11 వార్షికనివేదికలో అచ్చైనవి. ఇటుకగోడలు, చైత్యములు, భిక్షువులు నివసించిన గదుల వరుసలు, ఇవన్నియు కోట కట్టుటకు వేయియేండ్లకు పైగా ముందటివి. విష్ణుకుండిన ఇంద్రవర్మ తామ్రశాసనము ఈ రామతీర్థముననే దొరకినది. బౌద్ధభిక్షువుల పిమ్మట జైనమునులు ఈ కొండలలో వసించిరి. గుహలలోని తీర్థంకరవిగ్రహములు అందుకు సాక్ష్యము. తూర్పుచాళుక్యుడైన విమలాదిత్యుని నాటి శాసనమొకటి గుహగోడపై కన్నడభాషలో చెక్కబడియున్నది. రాజునకు గురువైన త్రికాలయోగి సిద్ధాంతదేవుడు రామకొండకు భక్తితో వందన మొనర్చెనని అందున్నది.

ఈ విమలాదిత్యుడెవ్వరో చదువరులకు జ్ఞాపకము చేయుట యుక్తము. ఆయన 1011 నుండి 1018 వఱకు వేంగి నేలిన రాజు. నన్నయభట్టారకునిచే మహాభారతమును తెనిగింపజేసిన రాజరాజనరేంద్రునకు సాక్షాత్తు తండ్రి. రాజమహేంద్రవరమున కొడుకు పేరు తెలియని తెలుగు బాలుడుండడు. తండ్రి పేరు మన ఊరిప్రక్కని గుహలో చెక్కబడియుండగా మన పాఠశాలలలో దానిని పలుకు ఉపాధ్యాయు డెందున్నాడు? బుద్ధుని శిష్యులు, జినుని శిష్యులు, కోదండరాముని భక్తులు ఒకే కొండలవరుసను ఆశ్రయించి, ఒకరితరువాత నొకరు అచ్చట దీపము వెలిగించిరి. ఇంతకంటె గొప్పచరిత్ర ఏ మహానగరమునకు గలదో మాకు చూపుడు.

2020 డిసెంబరు చివర ఆ కొండమీది ఆలయములో శ్రీరామవిగ్రహము శిరస్సును దుండగులు ఖండించిరి. ఆ దుష్కృత్యమునకు మనసు రగులనివాడు మనుష్యుడు కాడు. అటుపిమ్మట జరిగినది మాత్రము వేఱు. కొత్తసంవత్సరపు మొదటివారములోనే పార్టీల నాయకులు పోటీలుపడి వచ్చిరి, కారులు వచ్చినవి, నినాదములు మ్రోగినవి, దేశమంతటి పత్రికలలో రామతీర్థము పేరు వెలసినది. 2022 ఏప్రిలులో ఆలయము తిరిగి తెఱవబడినది. ఈ రెండు సంవత్సరములలో కొండయెక్కిన ప్రముఖులలో ప్రక్కకొండమీది విహారపు ఇటుకల నెందఱు చూచిరి? గుహలోని శాసనమును గూర్చి ఎందఱు అడిగిరి? ఆలయమున్న కొండను మన జనులు బోడికొండ యందురు. పరిశోధకులు బోధికొండ యని వ్రాయుదురు. ఒక్క వొత్తక్షరము క్రింద ఇంత వాదము దాగియున్నదని తెలిసికొనుట కెవ్వరికిని తీరిక లేకపోయెను. దేవుని పేర కలహించుటకు నాయకులు వచ్చిరి గాని, దేవుని కొండ కథ చెప్పుటకు ఒక్కరును రాలేదు.

కొండలు దిగి మిల్లునకు వత్తము. పెద్దమనుష్యులు “ఒక గోనెసంచుల మిల్లు” అని పెదవివిఱుచు ఆ మిల్లే ఈ ఊరిని ఊరు చేసినది. గత శతాబ్దపు చివర తూర్పుతీరపు రైలుమార్గము ఇటుగా వచ్చినది. 1902లో ఉత్తరభాగము బెంగాలు-నాగపూరు కంపెనీ చేతిలోనికి పోయినది. “గత శతాబ్దము” అని పాతయలవాటున వ్రాసితిమి. పందొమ్మిదవ శతాబ్దమని చదువరులు దిద్దుకొందురు గాక. 1920 ప్రాంతమున కలకత్తాలోని మెక్లియడు కంపెనీ యాజమాన్యము క్రింద నెల్లిమర్ల జనపనారమిల్లు నెలకొన్నది. అంతకు పూర్వమే, 1867లో, చిట్టివలస మిల్లు వెలసియున్నది. ఈ దొరలు కలకత్తా విడిచి ఇచ్చటికేల వచ్చిరి? మన మెట్టభూములలో గోగు పండును గనుక. భీమునిపట్టణపు రేవునుండి ఎగుమతియైన మన గోగునారకు ప్రపంచపు వర్తకములో ‘బిమ్లి’ జనపనారయని పేరే నిలిచిపోయినది. లండనులోని దళారికి మన రేవు పేరు తెలిసినది. మన పిల్లవానికి ఆ పేరు తెలియదు.

ఆ నార ఎట్లు వచ్చునో పట్టణవాసులు తెలిసికొనవలెను. వానకాలమున చల్లి, పూతకు వచ్చిన తరువాత కోసి, కట్టలుకట్టి చెఱువులలో ఊరవేయుదురు. ముక్కుపుటములు పగులు ఆ దుర్గంధములో, మొలలోతు మురికినీట నిలిచి, ఆడువారును మగవారును నార వొలిచి, ఉతికి, దండెములపై నారవేయుదురు. ఆ నార మిల్లు చేరి, మెత్తబడి, దువ్వబడి, వడుకబడి, మగ్గమెక్కి సంచియగును. 1947లో దేశము చీలినపుడు జనపనార పండు భూములలో పెక్కుభాగము తూర్పుపాకిస్తానమునకు పోయి, మిల్లులు ఇచ్చట నిలిచినవి. అపుడు మన గోగు విలువ మఱింత పెఱిగినది. ప్లాస్టిక్కు సంచి వచ్చి వర్తకమును మ్రింగబోగా, ఆహారధాన్యములను జనపనార సంచులలోనే నింపవలెనని 1987లో కేంద్రము చట్టము చేయవలసివచ్చెను. ఒక సంచిలో ఇన్ని దేశముల కథ యిమిడియున్నది. దీనిని చరిత్ర కాదనువారు చరిత్రయన రాజుల పెండ్లిండ్ల జాబితా యనుకొనుచున్నారు కాబోలు!

ఈ మిల్లుగేటు ఎన్నిసార్లు మూయబడెనో, ఎన్నిసార్లు తెఱవబడెనో ఊరివారికే తెలియును. లాకౌటు నోటీసు అంటించిన దినమున ఊరిలో కూరగాయల అంగడి మొదలు వైద్యుని వాకిలివఱకు అన్నియు వెలవెలబోవును. 1994 జనవరి 29న రైలునిలయమువద్ద ఆందోళన సలుపుచున్న మిల్లుకార్మికులపై పోలీసులు తుపాకులు కాల్చగా ఐదుగురు ప్రాణములు కోల్పోయిరి. బొబ్బిలిలో కూలిన వీరుల కథను బుఱ్ఱకథకులు పాడిరి, చలనచిత్రముగను తీసిరి. స్వరాజ్యము వచ్చిన నలువదియాఱు సంవత్సరముల తరువాత, స్వదేశీయుల ప్రభుత్వములో, స్వదేశీయుల గుండ్లకు కూలిన ఈ ఐదుగురిని గూర్చి ఊరి గ్రంథాలయమున పదిపుటల పుస్తకమైన నుండవలదా? సంవత్సరమున కొకనాడు పూలదండ వేయుట కృతజ్ఞతయే. అది చరిత్ర కాదు.

మా వృత్తి న్యాయవాదము గనుక ఆ దారినే యొక మాట చెప్పెదము. ముప్పదియేండ్లు నిండిన దస్తావేజు తగినవారి స్వాధీనమునుండి వచ్చినచో, దానిమీది చేవ్రాలు నిజమైనదేయని న్యాయస్థానము భావింపవచ్చునని 1872 నాటి సాక్ష్యచట్టము చెప్పినది. దాని స్థానమున 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును ఆ సూత్రమునే నిలిపినది. 1994 నాటి కాగితములకు సరిగా ఈ ముప్పదియేండ్లు ఇటీవలనే నిండినవి. మఱియొకవైపు, పనికిరావని తోచిన పాతరికార్డులను నియమముల ప్రకారము ధ్వంసము చేయుటకు 1917 నాటి చట్టము అధికారులకు అనుమతి నిచ్చుచున్నది. విచిత్రము చూచితిరా! కాగితమునకు నోరు వచ్చు వయసునకే దానిని నిప్పులో వేయుటకును వీలు కలుగుచున్నది. మిల్లు మస్తరులు, జీతపు చీటీలు, సంఘముల కరపత్రములు, లాకౌటు నోటీసులు, పంచాయతి తీర్మానములు, ఇవి ఎవరి స్వాధీనములో నున్నవి? కొన్ని ట్రంకుపెట్టెలలో, కొన్ని అటకలపైన, కొన్ని బీరువాల అడుగున. చెదపురుగు కాలపరిమితి చట్టమును ఎఱుగదు.

“మేము పండితులము కాము, మాకు శాసనములు చదువ రాదు” అని యువకులు వెనుదీయుదురు. వారికి ఈ ప్రాంతపు గురువులనే చూపెదము. గిడుగు రామమూర్తిపంతులుగారు పర్లాకిమిడిలో పాఠశాలోపాధ్యాయులు. పురాతత్త్వశాఖలో వారి కుద్యోగము లేదు. ముఖలింగపు దేవాలయ శాసనములను చదువుటకై ప్రాచీనలిపులను తాముగా నేర్చికొని, గాంగుల కళింగనగరము ఆ ముఖలింగమేయని వాదించి నిలిపిరి. గురజాడ అప్పారావుగారు విజయనగర సంస్థానమున శాసనపరిశోధకులుగ పనిచేసిరి. కన్యాశుల్కము వ్రాసిన చేయియే శాసనముల నకళ్ళను సరిచూచినది. (ఆ మహనీయు లిరువురును వాడుకభాషకై పోరాడినవారు. మా యీ గ్రాంథికమును చూచి వారు నవ్విన నవ్వుదురు గాక. అలవాటు మానుట మాకు శక్యము కాకున్నది.) చిన్న ఊరి బడిపంతులు చేసిన పని ఇప్పటి పట్టభద్రులకు అసాధ్యమనుట సోమరితనపు సాకు.

మఱికొందఱి అభ్యంతరము వేఱు. పాతగాయములు కెలుకరాదట! కాల్పుల మాట యెత్తినచో పరిశ్రమలు రావట! భోగాపురమున విమానాశ్రయము నిర్మింపబడుచున్న యీ కాలమున మిల్లుకూలీల గొడవలేల యందురు. వారికి మా సమాధానము స్వల్పము. విమానాశ్రయమున దిగువాడు ఈ ఊరి పేరు అడుగును. అపుడు చెప్పుటకు మనయొద్ద నేమున్నది? మిల్లుచరిత్ర యాజమాన్యముపై పగతీర్చుకొనుటకు గాదు. ఎంత నార కొనిరి, ఎంతమందికి కూలి యిచ్చిరి, ఎన్నడు మూసిరి, ఏల మూసిరి అను లెక్కలు యాజమాన్యమువారి వైపునుండియు రావలెను. ఇరుపక్షముల సాక్ష్యమును వ్రాయవలెను. ఒకపక్షమే సాక్ష్యమిచ్చిన వ్యాజ్యములో తీర్పు ఎట్లుండునో మా వృత్తివారికి తెలియనిది కాదు.

1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగినపుడు అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారు కోరినది పత్రికలు చదువుకొను గదులను మాత్రమే కాదు. ఊరి బుద్ధికి ఒక ఇల్లు కావలెనని కోరిరి. నేడు ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయసుంకమును మనయొద్ద వసూలు చేయుచున్నారు. ఆ సొమ్ములో కొంతభాగముతో నెల్లిమర్ల పఠనమందిరమున ఒక చెదలుపట్టని బీరువాను కొని, తాళము వేసి, తాళపుచెవిని ఒక సంఘమున కప్పగించుడని మేము నగరపంచాయతివారిని, జిల్లా గ్రంథాలయసంస్థవారిని అడుగుచున్నాము. జరజాపుపేటవారును ఇపుడు ఈ పంచాయతిలోనివారే గనుక వారి పెద్దలును ఆ సంఘమున నుండవలెను. మహారాజా వైద్యకళాశాల 2002 నుండి ఇచ్చటనే యున్నది. నారధూళి పీల్చిన వృద్ధుల యూపిరితిత్తుల కథను వ్రాసికొనుటకు అచ్చటి విద్యార్థులు వచ్చిన మఱింత మేలు.

పని ఏ దారిని మొదలుపెట్టవలెనని యడుగువారికి: ముందు మిల్లు వృద్ధులయొద్దకు పొండు, కొండలకు తరువాత పోవచ్చును. ఇరువురు యువకులు కలిసి పోవలెను. ఒకరు అడుగవలెను, ఒకరు వ్రాయవలెను. ఏ యేట పనిలో చేరితిరి, ఏ శాఖలో, మొదటి జీతమెంత, లాకౌటునాళ్ళలో ఇల్లెట్లు గడచెను, 1994 జనవరిలో మీరెచ్చట నుంటిరి, ఇవి అడుగుడు. చెప్పినది చెప్పినట్లు, ఈ ప్రాంతపు పలుకుబడిలోనే వ్రాయుడు. మావలె గ్రాంథికములోనికి మార్చకుడు. చివర తేది వేసి, చదివి వినిపించి, చేవ్రాలుగాని వ్రేలిముద్రగాని తీసికొనుడు. రెండు ప్రతులు చేసి, ఒకటి బీరువాలో నుంచి, రెండవది చెప్పినవారి ఇంటనే యిచ్చి రండు.