తలుపు పన్ను కట్టేవాళ్లం, పద్దు చూడకూడదా?

మొన్న ఉగాదికి మన సంఘం సభలో కుర్చీలు చాలక పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాం. పులిహోర రెండోసారి కలపాల్సి వచ్చింది. సంతోషమే. ఆ తర్వాత మూడు వారాలకి మేముండే భవనాల నివాసుల సమావేశం కింద హాల్లో జరిగింది. కారు తియ్యక్కర్లేదు, లిఫ్టు దిగితే చాలు. మా భవనాల్లో తెలుగు కుటుంబాలు ఇరవైకి తక్కువ ఉండవు. మేము గాక వచ్చిన తెలుగువారు ఒక్కరే. ఆయన కూడా టీ తాగి, ఫోను వచ్చిందని లేచి వెళ్లిపోయారు. ఆరోజు చర్చించాల్సిన మొదటి విషయం, భవనాల వెనక కాలవలో నిలిచిన నీళ్లు. రెండోది, ఆ నెలలో మా భవనాల్లో డెంగీ వచ్చిన ఇళ్లు. ఆ ఇళ్లలో రెండు మనవాళ్లవే!

అంచేత ఈ వ్యాసంలో కొంచెం కటువుగా మాట్లాడతాం. పాఠకులు మన్నించాలి. మేము చెప్పదలుచుకున్నది ఒక్కటే. నివాసుల సంఘాలకి పురపాలకులు డబ్బిచ్చి మాట వినకపోతే అది దానం. మాట విని డబ్బివ్వకపోతే అది ఓదార్పు. దానమూ వద్దు, ఓదార్పూ వద్దు. రెండూ కలిపి, రాసి ఉన్న నియమం ప్రకారం, అడగకుండానే రావాలి. అలా రావాలంటే ముందు మనం ఆ సంఘాల్లో ఉండాలి.

మనవాళ్లు సాధారణంగా చెప్పే మొదటి మాట, "ఇక్కడ పురపాలక ఎన్నికలే లేవు కదండీ, మనం చేసేదేముంది?" అని. లేవు, నిజమే. 1965లో, ఇండొనేషియాతో ఘర్షణ జరుగుతున్న రోజుల్లో, మలేషియా ప్రభుత్వం స్థానిక ఎన్నికలను తాత్కాలికంగా ఆపింది. ఆ ఏడాదే అతి నహప్పన్ అధ్యక్షతన ఒక రాయల్ కమిషన్ వేసింది. ఆ కమిషన్ దేశమంతా విచారించి, ఎన్నికలు తిరిగి పెట్టాలనే సిఫారసు చేసింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1976 నాటి స్థానిక ప్రభుత్వ చట్టంతో తాత్కాలికం కాస్తా శాశ్వతమైంది. ఆ చట్టం ప్రకారం మండలి సభ్యులు ఎనిమిది మందికి తగ్గకుండా, ఇరవై నలుగురికి మించకుండా ఉంటారు. వాళ్లని నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. మన సైబర్‌జయ సెపాంగ్ పురపాలక మండలి కింద ఉంది. దాని కార్యాలయం కూడా మన ఊళ్లోనే ఉంది. మనలో ఎంతమందికి ఆ భవనం ఎటువైపుందో తెలుసు? చెయ్యెత్తమంటే ఎన్ని చేతులు లేస్తాయో మాకు తెలుసు.

అదే చట్టంలో ఒక తమాషా ఉంది. ఇంటి మీద వేసే పన్నుని ఇక్కడ వాడుకలో చుకాయ్ పింతు అంటారు. పింతు అంటే తలుపు, కాబట్టి అది తలుపు పన్ను. ఏడాదికి రెండు విడతలు కట్టాలి. మీ ఇంటికి వేసిన విలువ ఎక్కువైందనిపిస్తే అభ్యంతరం చెప్పుకోవడానికి ఆ చట్టమే దారి చూపిస్తుంది. ఊరి ప్రణాళిక ముసాయిదా వేసినప్పుడు ప్రజలకి చూపించి, అభ్యంతరాలు వినాలని అదే ఏడాది వచ్చిన మరో చట్టం, పట్టణ గ్రామీణ ప్రణాళికా చట్టం, చెబుతుంది. కాని ఆ పన్ను డబ్బు వచ్చే ఏడాది ఏ వీధిలో, దేనికి ఖర్చు పెడతారో నిర్ణయించే ముందు ఆ వీధివాళ్లని అడిగి తీరాలన్న నిర్బంధం మాత్రం లేదు. అడిగే మండళ్లు ఉన్నాయి. సెలంగోర్‌లోనే కొన్ని మండళ్లు బడ్జెట్ ముందు నివాసుల సంఘాలని పిలిచి సభలు పెడుతున్నాయి. వాటికి నమస్కారం. కాని పెద్దమనిషి తరం వల్ల జరిగేది ఆ పెద్దమనిషితోనే పోతుంది. ఈ ఏడాది అధ్యక్షుడు అడుగుతాడు, వచ్చే ఏడాది అధ్యక్షుడు అడగడు. మాకు కావలసింది పెద్దమనిషి మంచితనం కాదు, నియమం.

ఇహ డబ్బు సంగతి. ఇక్కడ ఇరుగుపొరుగు సంస్థలు ముఖ్యంగా మూడు రకాలు. ఒకటి రుకున్ తెతాంగ. అది 1975లో రాత్రి గస్తీల కోసం ప్రభుత్వం పెట్టింది, 2012లో దానికి కొత్త చట్టం వచ్చింది. కేంద్రంలోని ఐక్యతా శాఖ కింద నడుస్తుంది, గ్రాంటు పొందుతుంది. రెండోది, అపార్టుమెంట్ల నిర్వహణ సంఘం. 2013 నాటి చట్టం ప్రకారం ఫ్లాటు యజమానులు నెల నెలా రుసుం కట్టి నడుపుకుంటారు. మూడోది, 1966 నాటి సొసైటీల చట్టం కింద నమోదయ్యే నివాసుల సంఘం. వీధిదీపం దగ్గర్నుంచి కాలవ దాకా పురపాలకులతో పోట్లాడేది ఇదే. దీనికి మాత్రం నమ్మకంగా వచ్చే పైసా లేదు. అధ్యక్షుడి జేబు, దీపావళికో హరి రాయకో ఎవరో ఇచ్చే విరాళం, లేకపోతే ఎన్నికల ముందు ఎవరో నాయకుడి చెక్కు. పైనుంచి పుట్టిన సంస్థకి పద్దు ఉంది, కిందనుంచి పుట్టిన సంస్థకి చందా పుస్తకం ఉంది. దీని ఫలితం ఊహించడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. చెక్కు ఇచ్చిన చేతిని ఏ సంఘమైనా గట్టిగా నిలదీస్తుందా?

మేము వైద్యులం కాబట్టి ఇది మాకు రాజకీయం కంటే ముందు రోగం సంగతి. 2019లో మలేషియాలో 1,30,101 డెంగీ కేసులు నమోదయ్యాయి, 182 మంది చనిపోయారు. 2023లో 1,23,133 కేసులు, వంద మరణాలు. దేశంలో ఎక్కువ కేసులు వచ్చేది మన సెలంగోర్ రాష్ట్రంలోనే. ఈ దోమ ఎక్కువ దూరం ఎగరదు. పుట్టిన చోటికి రెండు మూడు వందల మీటర్ల లోపే దాని బతుకంతా గడిచిపోతుంది. గుడ్డు పెద్ద దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. ఆ గుడ్డు నీరు లేకపోయినా నెలల తరబడి ఎండి, మళ్లీ వాన పడగానే లేస్తుంది. అంటే ఈ దోమకి రాష్ట్రం తెలియదు, దేశం తెలియదు. దాని దేశం మన పేటే. నా ఫ్లాటు శుభ్రంగా ఉంది కదా అని కూర్చుంటే పక్క భవనం మేడ మీద పడేసిన పెయింటు డబ్బా నా బిడ్డకి జ్వరం తెచ్చిపెడుతుంది.

దీనికి మనం చూసే వైద్యమేమిటి? పొగ బండి. ఎగిరే దోమల్ని పొగ చంపుతుంది, నీళ్లలో ఉన్న పిల్లపురుగుల్ని చంపదు. పొగ వచ్చినప్పుడు ఫోటోలు తీసుకుంటాం, పది రోజులకి మళ్లీ మొదటికొస్తాం. అసలైన వైద్యం వారం వారం ఇంటింటికీ తిరిగి నీళ్లు పారబోయించడం, కట్టుబడి స్థలాలు చూసి రావడం, కాలవలో పడ్డ ఆకులు తియ్యడం. ఇది ఒక రోజు ఉత్సాహంతో జరిగే పని కాదు. దీనికి పేటలో తెలిసిన మనుషులు కావాలి, వాళ్లకి చేతి తొడుగులకీ, టార్చి లైట్లకీ, మందుకీ, కరపత్రాలకీ క్రమంగా వచ్చే చిన్న మొత్తం కావాలి. పెద్ద డబ్బు ఒకసారి కాదు, చిన్న డబ్బు ప్రతిసారీ. నాలుగైదు వీధుల సంఘానికి తప్ప ఇది ఇంకెవరికీ చేతకాదు. ఆ సంఘానికే పద్దు లేదంటే, మేము రోగికి చీటీ రాసి మందుల షాపు మూయించినట్లు.

"ఎన్నికలుంటే అన్నీ సరిపోయేవి" అనేవాళ్లకి మన దేశం సంగతి గుర్తు చేస్తాం. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షల జనాభా దాటిన ప్రతి పట్టణంలో వార్డు కమిటీలుండాలంది. తెలంగాణ 2019 చట్టంలో వార్డుకి నాలుగేసి కమిటీలు రాసుకున్నారు. కాగితం మీద ఎంత కళగా ఉన్నాయో! మీ నాన్నగారిని అడగండి, వాళ్ల వార్డు కమిటీ ఎప్పుడు కూర్చుందో, ఎంత సొమ్ము ఏ పనికి కేటాయించిందో. హైదరాబాదు కార్పొరేషన్‌కి 2020 డిసెంబరులో ఎన్నికలు జరిగితే ఓటర్లలో సగం మందైనా రాలేదు. మన ఊళ్లో ఓటుంది, పద్దు మీద మాట లేదు. ఇక్కడ ఓటే లేదు. ఎటు చూసినా మిగిలిన ఖాళీ ఒకటే: డబ్బు ఖర్చయ్యే చోట ఉండే మనిషికి ఆ డబ్బు మీద అధికారం.

అలాగని మనవాళ్లకి ఇది కొత్తా? కాదు. 1967లోనే హైదరాబాదు నగరపాలక సంస్థలో పట్టణ సమాజాభివృద్ధి అనే పథకం మొదలైంది. బస్తీల్లో సంఘాలు పెట్టించి, బస్తీవాళ్లు కొంత శ్రమో సొమ్మో వేసుకుంటే మిగతాది తాము వేసి పనులు చేయించారు. బాలవాడి, కుట్టుపని, తరవాత ఇళ్లు. కేరళలో 1996 నుంచి రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో మూడో వంతు పైన స్థానిక సంస్థలకి అప్పగించి, ఏం చెయ్యాలో సభల్లో చర్చించమన్నారు. ఈ దేశంలోనే పినాంగ్‌లో 2012 నుంచి కొన్ని చవక ఫ్లాట్లలో ఉండేవాళ్లనే, ఆడవాళ్లనీ ముసలివాళ్లనీ విడిగా కూర్చోబెట్టి, ఏది ముందు కావాలని ఓటు వేయించి మరీ అడిగారు. కాబట్టి ఇది కుదరని పని కాదు.

ఇప్పుడు మాకు ఎదురయ్యే గట్టి ప్రశ్నకి వస్తాం. "నివాసుల సంఘాలంటే గేటు వేసుకున్న డబ్బున్నవాళ్ల క్లబ్బులు. వాళ్లకి పన్ను డబ్బిస్తే ఇంకో పూలతోట పెట్టుకుంటారు. కూలీలుండే గదుల వైపు ఎవరు చూస్తారు?" ఈ మాట అబద్ధం అని మేము అనం. మనకి పక్కనే సాక్ష్యం ఉంది. పుత్రజయ కట్టడానికి ప్రాంగ్ బేసార్ వంటి నాలుగు ఎస్టేట్లు ఖాళీ చేయించి, ఆ తోట కూలీల కుటుంబాలను 1990ల చివర డెంగ్కిల్‌లోని తామన్ పెర్మాతా ఫ్లాట్లకి తరలించారు. ఇస్తామన్న ఇళ్ల కోసం, గోడలు పగిలిన ఆ ఫ్లాట్ల నుంచి బయటపడటం కోసం, వాళ్లు ఇరవై ఏళ్ల పైన తిరిగారు. డెంగ్కిల్ కూడా మన సెపాంగ్ జిల్లాలోదే. మన ఫైబర్ తీగలకి ఒక మిల్లీసెకను ఆలస్యమైతే గోల చేస్తాం. వాళ్లకి ఆలస్యమైంది రెండు దశాబ్దాలు.

అందుకే మేము "సంఘాలకి డబ్బివ్వండి" అని ఊరుకోవడం లేదు. ఎలా పంచాలో నియమం కావాలంటున్నాం. బ్రెజిల్‌లో పోర్టో అలెగ్రె అనే నగరం 1989లో ఈ పని మొదలుపెట్టినప్పుడు గట్టిగా అరిచిన పేటకి ఇవ్వలేదు. ఆ పేటలో ఎంత మంది ఉన్నారు, నీరూ కాలవా లాంటి సౌకర్యం ఎంత కొరవడింది, వాళ్లు సభలో దేన్ని ముందు అడిగారు, ఈ మూడింటికీ మార్కులు వేసి పంచింది. సౌకర్యం లేని పేటకి ఎక్కువ మార్కులు. క్లబ్బుల భయానికి మందు సంఘాలని ఎండగట్టడం కాదు, ఇలాంటి తూకం పెట్టడం.

చివరి సాకు, మనవాళ్లకి చాలా ప్రీతిపాత్రమైనది: "మనం అతిథులం. పర్మిట్ మీద బతికేవాళ్లం. మనకెందుకండీ?" అయ్యా, మనం అద్దె కడుతున్నాం. ఆ అద్దెలో తలుపు పన్ను ఉంది, నిర్వహణ రుసుం ఉంది. దోమ మన పాస్‌పోర్టు అడిగి కుట్టదు. గోటోంగ్ రోయోంగ్ అని అందరూ కలిసి కాలవ శుభ్రం చేసే ఆదివారం నాడు చీపురు పట్టుకున్నవాణ్ణి ఎవరూ వీసా అడగలేదు. ఓటు అడగమని మేము చెప్పడం లేదు. అది ఈ దేశ పౌరుల సంగతి, వాళ్లు తేల్చుకుంటారు. ఉన్న చోట పొరుగువాడుగా ఉండమంటున్నాం. మన భాష, మన పండగ, మన పిల్లలకి అక్షరాలు, ఇవన్నీ నిలబడాలనే మన సంఘం. కాని ఆ పిల్లలు ఆడుకునేది ఇక్కడి వీధిలో.

ఇంతకీ మేము కోరేది ఏమిటి? మొదటిది, తలుపు పన్ను రాబడిలో నూటికి ఒక రింగిట్ అయినా నివాసుల సంఘాల పనులకి విడిగా కేటాయించి, ఎవరికెంత ఇచ్చారో అందరికీ తెలిసేలా ప్రకటించాలి. రెండోది, బడ్జెట్ ఖరారు చేసే ముందు ప్రతి పేటలో సభ పెట్టి, వచ్చిన కోరిక ఒక్కొక్కదానికీ ఒప్పుకున్నారో లేదో, ఎందుకో, రాసి జవాబివ్వాలి. మూడోది, చవక ఫ్లాట్లకీ, కూలీలుండే చోట్లకీ తూకంలో ఎక్కువ బరువుండాలి. నాలుగోది, అద్దెకున్నవాళ్లు కూడా సభ్యులుగా మాట్లాడగలగాలి. అయిదోది మన సంఘాలకే: తీసుకున్న ప్రతి రింగిట్ లెక్కా లిఫ్టు పక్కన అతికించాలి. లెక్క చూపించని సంఘానికి లెక్క అడిగే హక్కు లేదు.

స్థానిక ప్రభుత్వ చట్టం ఇంకో మాట కూడా చెబుతుంది. పురపాలక మండలి సమావేశాలకి సాధారణంగా ప్రజలూ, పత్రికలవాళ్లూ వెళ్లి కూర్చోవచ్చు. ఆ తలుపు తెరిచే ఉంది. మనమే ఇంతవరకూ తట్టలేదు.

మన సంఘం కార్యవర్గానికి ఒక మనవి. వచ్చే సమావేశంలో సాంస్కృతిక కార్యక్రమాల పట్టికతో పాటు, మనలో ఎవరెవరు తాముండే చోట నివాసుల సంఘంలో చేరారో ఒక పట్టిక చదవండి. మా పేరు అందులో ఉంటుంది. పులిహోర దగ్గర మీ అందరినీ చూశాం. ఈసారి కాలవ దగ్గర చూడాలని ఉంది.