చార్మినార్ చౌరస్తా ఎవరిది?

రమజాన్ చివరి పది రాత్రుల్లో చార్మినార్ చౌరస్తాకు నిద్ర ఉండదు. తరావీహ్ ముగించుకున్న కుటుంబాలు పత్తర్‌గట్టి నుంచి, శాలిబండ నుంచి, మక్కా మసీదు వైపు నుంచి వచ్చి అక్కడ కలుస్తాయి. జిల్లాల నుంచి బస్సుల్లో వచ్చేవారూ ఉంటారు. సుర్మా, అత్తరు, టోపీ, జానమాజ్, పిల్లల చెప్పులు, లక్క గాజులు... పండుగకు కావలసినవన్నీ అక్కడే దొరుకుతాయి. వాటిలో ఎన్నో వస్తువులు మనకు అందేది తోపుడు బండి మీద, నేలపై పరచిన గుడ్డ మీద బతుకు వెళ్ళదీసే వారి చేతుల నుంచే. ఈద్ గడిచాక ఆ మనుషుల సంగతేమిటన్న ప్రశ్న మాత్రం మనలో చాలామందికి తట్టదు.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్‌ను కట్టించినప్పుడు దానిని నాలుగు దారుల కూడలిలో నిలిపాడు. ఉత్తరాన చార్ కమాన్, వాటి నడుమ గుల్జార్ హౌజ్, పడమట లాడ్ బజార్, నైరుతిలో ఆ తరువాతి కాలంలో వెలసిన మక్కా మసీదు: ఇదంతా జనం నడవడానికి, కలుసుకోవడానికి, కొనడానికి, అమ్మడానికి ఏర్పడిన చోటు. బజారు లేని చార్మినార్ ఈ నగరం ఏనాడూ ఎరుగదు. ఇక్కడ అమ్మేవారిలో ముస్లిములూ ఉన్నారు, హిందువులూ ఉన్నారు. ఆకలికి మతభేదం లేదు.

చార్మినార్ రాళ్ళకు చట్టపరమైన రక్షణ ఉంది. కేంద్ర పురావస్తు చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలు నిషిద్ధం. ఇది అవసరమైన నిబంధనే. అయితే ఆ రాళ్ళ నీడన బతికే మనుషులకూ చట్టం ఉందన్న సంగతి ఎంతమందికి తెలుసు? వీధిలో వ్యాపారం చేసుకోవడం సహేతుకమైన ఆంక్షలకు లోబడిన ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 1989లో సోదాన్ సింగ్ కేసులో స్పష్టం చేసింది. 2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ చట్టాన్ని తెచ్చింది. దాని ప్రకారం సర్వే పూర్తిచేసి, అర్హులందరికీ విక్రయ ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ తొలగించరాదు. తొలగించవలసి వస్తే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సరుకు స్వాధీనం చేసుకుంటే జాబితా రాసివ్వాలి. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం స్థానాలు వ్యాపారులు ఎన్నుకున్న ప్రతినిధులవే కావాలి. వారిలో మూడో వంతు మహిళలుండాలి.

వీటన్నిటికన్నా పాతబస్తీకి ముఖ్యమైన మాట ఆ చట్టం రెండవ షెడ్యూలులో ఉంది. యాభై ఏళ్ళకు పైగా వీధి వ్యాపారం సాగుతున్న సహజ బజార్లను వారసత్వ బజార్లుగా ప్రకటించాలని, అక్కడి వ్యాపారులను వేరే చోటికి తరలించరాదని అది చెబుతోంది. ఈ మాట చార్మినార్ చౌరస్తాకు వర్తించకపోతే దేశంలో మరే చౌరస్తాకు వర్తిస్తుంది?

పాదచారులకు దారి ఉండాలనే వాదన సరైనదే. దానిని మనం తోసిపుచ్చరాదు. వృద్ధులు, పసిబిడ్డలను ఎత్తుకున్న తల్లులు ఇబ్బంది లేకుండా నడవాలి. 2025 మే 18న గుల్జార్ హౌజ్ సమీపంలో జరిగిన అగ్నిప్రమాదంలో పిల్లలతో సహా 17 మంది మరణించారు. ఇంత ఇరుకు ప్రాంతంలో అగ్నిమాపక శకటానికి దారి ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. దారికీ హక్కు ఉందని, దారిలోని అడ్డును తొలగించడం పుణ్యకార్యమని మన దీన్ బోధిస్తుంది. కనుక ఎవరు ఎక్కడ, ఎంత మేర కూర్చోవాలో గీత గీయవలసిందే. ఆ గీత కమిటీలో వ్యాపారుల సమక్షంలో గీయాలి తప్ప, తెల్లవారేసరికి బండ్లు ఎత్తుకుపోయే పద్ధతిలో కాదు.

మరి మనం చేయవలసినదేమిటి? ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ళ మధ్య పనిచేసినవారికి ఒక సంగతి బాగా తెలుసు: కాగితం లేని హక్కు కౌంటరు దగ్గరే ఆగిపోతుంది. సర్వే చీటీ, గుర్తింపు కార్డు, చెల్లించిన రుసుము రసీదు, పి.ఎం. స్వనిధి రుణ పత్రం, తండ్రి కాలంనాటి పాత ఫొటో: ఇవన్నీ సాక్ష్యాలే. చాలా ఇళ్ళలో ఇవి పెట్టె అడుగున చివికిపోతున్నాయి. మొహల్లా కమిటీలు, మసీదు కమిటీలు జుమా తరువాత ఒక గంట కేటాయించి, చదువుకున్న యువకులచేత ఈ పత్రాల నకళ్ళు తీయించి దరఖాస్తులు రాయించాలి. వారసత్వ బజారు గుర్తింపును లిఖితపూర్వకంగా కోరాలి. జవాబు రాకుంటే సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది. కమిటీ ఎన్నికల్లో మన అక్కచెల్లెళ్ళను నిలబెట్టాలి.

చార్మినార్ చూడడానికి వెళ్ళే కుటుంబాలకు కూడా ఒక విన్నపం. మినార్ల ముందు ఫొటో దిగండి, సంతోషించండి. పిల్లలకు కులీ కుతుబ్ షా పేరుతో పాటు 2014 నాటి చట్టం పేరు కూడా చెప్పండి. గాజులమ్మే అవ్వతో పది రూపాయల కోసం బేరమాడే ముందు, ఆమె చేతిలో విక్రయ ధ్రువపత్రం ఉందో లేదో అడగండి. లేదంటే అది ఎలా పొందాలో చెప్పండి. హలాల్ సంపాదనతో బతికే మనిషికి ఆ పూట మీరు కొనే గాజుల కన్నా ఆ మాట ఎక్కువ కాలం అక్కరకు వస్తుంది.