మా పిల్లల్ని పెంచుకోవడం మాకు చేతకాదా?

గూడూరు మండలంలో కాలువ గట్ల మీద యానాదుల పాకలు మీరు చూసే ఉంటారు. తల్లీ తండ్రీ తెల్లారకముందే చేపల చెరువు మీదకి పోతారు. పెద్దపిల్ల చంకలో చిన్నోడు. జీపులో వచ్చే ఆఫీసరుకి అక్కడ కనబడేది "నిర్లక్ష్యానికి గురైన బాలలు". మనకి కనబడేది కూలి చాలని కుటుంబం. గెలిచేది ఎవరి చూపో చెప్పక్కర్లేదు.

ఈ చూపు కొత్తది కాదు. 1911 నేరస్థ తెగల చట్టం 17వ సెక్షన్, పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి బడుల్లో పెట్టే అధికారం సర్కారుకిచ్చింది. ఎరుకల వాళ్లని స్టువర్టుపురం సెటిల్‌మెంటులో పెట్టిన కాలం అది. 1952లో చట్టం పోయింది. "వీళ్లకి పిల్లల్ని పెంచడం రాదు" అనే మాట పోలేదు.

ఇప్పుడు సంస్కరణ అంటున్నారు. 2015 బాల న్యాయ చట్టాన్ని 2021లో సవరించి, 2022 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి తెచ్చారు. దత్తత ఉత్తర్వులిచ్చే పని కోర్టు నుంచి కలెక్టరుకి వెళ్లింది. బాలల సంక్షేమ కమిటీ పనితీరు చూసేదీ కలెక్టరే. బందరు కలెక్టరాఫీసుకి అధికారం చేరింది, సరే. గట్టు మీదకి ఏం చేరింది? ఆ కమిటీలో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. కనీసం ఒక మహిళ ఉండాలంది చట్టం, మంచిదే. మా బిడ్డల సంగతి తేల్చే చోట ఒక్క గిరిజనుడైనా ఉండాలని మాత్రం అనలేదు.

చట్టంలో మంచి లేదనడం లేదు. హోంలో పెట్టడం చిట్టచివరి మార్గమని 3వ సెక్షనే చెప్తోంది. తండ్రి పోయిన పిల్లలకీ, బంధువుల దగ్గర పెరిగే అనాథలకీ మిషన్ వాత్సల్య కింద నెలకి 4,000 రూపాయల సాయం ఉంది. పల్లెల్లో ఏడాది ఆదాయం 72,000 దాటకూడదు. మనలో దాటేది ఎంతమంది? అడ్డం పడేది కాగితమే. పాకలో కాన్పయిన బిడ్డకి పుట్టిన సర్టిఫికెట్ ఎక్కడిది? బిడ్డని తీసుకుపోవడానికి అక్కర్లేని కాగితాలు, బిడ్డని తల్లి దగ్గరే ఉంచడానికి కావాలట!

"మరి చెరువుల మీద పనిచేసే పిల్లలు లేరా?" అంటారు. ఉన్నారు. అడ్వాన్సు బాకీ కింద కుటుంబమంతా కాపలా ఉంటే 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం తియ్యండి. పిల్లని హోంకీ, యజమానిని ఇంటికీ పంపితే అది రక్షణ ఎలా అవుతుంది?

మేం అడిగేది మూడే. బాలల సంక్షేమ కమిటీలో గిరిజన సభ్యురాలు. పాకల దగ్గరికే వచ్చి సర్టిఫికెట్లివ్వడం. ఏ బిడ్డనైనా హోంకి పంపే ముందు, ఆ కుటుంబానికి సాయం ఎందుకివ్వలేదో రాతపూర్వకంగా చెప్పడం.

ఇది చదువుతున్న అన్నా, అక్కా, మీరూ ఒక పని చెయ్యండి. పంచాయతీ స్థాయిలో బాలల కమిటీ పనిచెయ్యాలని మిషన్ వాత్సల్య చెప్తోంది. "మన ఊళ్లో ఉందా? చివరిసారి ఎప్పుడు కూర్చుంది?" అని సర్పంచిని గ్రామసభలో అడగండి. ఎవరి బిడ్డనైనా తీసుకెళ్తే, ప్రయాణ సమయం కాక 24 గంటల్లో కమిటీ ముందు హాజరుపరచాలన్నది చట్టం. ఈ మాట గట్టు మీద ప్రతి తల్లికీ చెప్పండి. చదవడం రాని తల్లికి మీ నోరే చట్టం పుస్తకం.